తాగునీటి పక్కనుంచి ఆయిల్ పైప్‌లైన్ వస్తుంటే ఊళ్ళు అడ్డుపడటం ఉత్త భయమేనా?

మీరు అడిగింది ఏంటంటే, క్రూడ్ ఆయిల్ మోయడానికి లారీల కన్నా రైళ్ళ కన్నా పైప్‌లైనే సేఫ్ అని లెక్కలు చెప్తున్నప్పుడు, నదో చెరువో బోర్లో దగ్గర్లో ఉన్నాయని స్థానికులు అంత గట్టిగా ఎదురు తిరగడంలో విషయం ఉందా, ఉంటే ఎలా పోరాడితే పని జరుగుతుంది అని. నేను ఇరవై ఏళ్ళకి పైగా పైప్‌లైన్ పనిలోనే ఉన్నానండి, మొదట కంట్రోల్ రూమ్‌లో, తర్వాత గొట్టాల తనిఖీ వైపు, ఈ చివరి కొన్నేళ్ళు ఊరివాళ్ళ తరఫున కంపెనీ కాగితాలు చదివిపెట్టే పని. రెండు వైపులా కూర్చున్నా కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, విషయం ఉంది. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "లారీ కన్నా సేఫ్" సంగతి. ఎన్ని బ్యారెళ్ళు ఎంత దూరం మోశాం అని లెక్కేస్తే ప్రమాదాల సంఖ్య పైప్‌లైన్‌కే తక్కువ, అది నేను కాదనను. కానీ అది దేశం మొత్తానికి వేసిన సగటు. ఊరివాళ్ళు సగటు గురించి అడగట్లేదు కదా, మా ఇన్‌టేక్‌కి, అంటే ఊరికి నీళ్ళు తోడే చోటుకి, ఎగువన ఈ ఒక్క చోట గొట్టం పగిలితే రేపు పొద్దున మేం ఏం తాగాలి అని అడుగుతున్నారు. లారీ బోల్తా పడితే ఒక లారీ నూనె పోతుంది, అదీ రోడ్డు మీద, అందరి కళ్ళముందు. గొట్టం మట్టికింద పగులుతుంది, నది అడుగున పగులుతుంది, ఎవరో గమనించి వాల్వ్ మూసేదాకా పోతూనే ఉంటుంది, మూశాక కూడా రెండు వాల్వ్‌ల మధ్య మిగిలిన నూనె పల్లానికి కారుతూనే ఉంటుంది. వేరే నీళ్ళు లేని ఊరికి "అవకాశం చాలా తక్కువ" అన్న మాట ధైర్యం ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

అన్నిటికన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోవాల్సింది అమెరికాలో మిషిగన్ రాష్ట్రం సంగతి. 2010 జూలైలో మార్షల్ అనే ఊరి దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 6బి లైన్ పగిలింది, 30 అంగుళాల గొట్టం, 1969లో వేసింది. కంట్రోల్ రూమ్ ఎక్కడో కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంది. అలారాలు మోగాయి, చాలాసార్లు మోగాయి, కానీ షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళు లీక్ అనుకోలేదు, లైన్‌లో నూనె తెగి మధ్యలో ఖాళీ ఏర్పడిందనుకున్నారు, దాన్ని మేం కాలమ్ సెపరేషన్ అంటాం, నిజంగానే అప్పుడప్పుడూ జరుగుతుంది. ఆ ఖాళీ నింపాలని ఇంకా నూనె పంపారు, లైన్‌ని రెండుసార్లు మళ్ళీ స్టార్ట్ చేశారు. 17 గంటలు గడిచాక, అక్కడి గ్యాస్ కంపెనీ మనిషి ఫోన్ చేసి చెప్తేగానీ వాళ్ళకి తెలియలేదు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ (రవాణా ప్రమాదాల మీద దర్యాప్తు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) లెక్క ప్రకారం మొత్తం 8,43,000 గ్యాలన్లకి పైగా పోయింది, అంటే దాదాపు 32 లక్షల లీటర్లు, అందులో 81 శాతం ఆ రెండు రీస్టార్ట్‌ల్లో పోయిందే. ఆ చోట పగుళ్ళున్నాయని కంపెనీకి 2005 తనిఖీలోనే కనిపించింది. వాగులోంచి కలమజూ నదిలోకి వెళ్ళింది, దాదాపు 35 మైళ్ళ నది 2012 దాకా జనానికి మూసేశారు, శుభ్రం చేసే ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది.

నాకు ఆ రిపోర్ట్ చదువుతుంటే నా పాత షిఫ్ట్ ఒకటి గుర్తొచ్చింది. రాత్రి పూట ప్రెషర్ పడింది, అలారం వచ్చింది, పక్కన కూర్చున్న సీనియర్ ఆయన ఇది రోజూ వచ్చేదే, కాలమ్ సెపరేషనే, నడిపించేద్దాం అన్నాడు, నడిపించాం. ఆ రోజు ఆయన చెప్పిందే కరెక్ట్ అయింది. కానీ నడిపించాలా ఆపాలా అని ఆలోచించిన ఆ పది నిమిషాల్లో మాలో ఒక్కరం కూడా ఆ గొట్టం కింద ఎవరి నీళ్ళున్నాయని మ్యాప్ తీసి చూడలేదు. ఆపితే పైనుంచి ఎవరేమంటారు అనే ఆలోచన మాత్రం వచ్చింది. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది, అందుకే చెప్తున్నా, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, కానీ నీళ్ళు వాళ్ళవి కాదు.

"మా దగ్గర లేటెస్ట్ లీక్ డిటెక్షన్ ఉంది" అని ప్రతి మీటింగ్‌లో చెప్తారు. అది ఎలా పనిచేస్తుందంటే, ఇటు ఎంత పంపాం, అటు ఎంత అందింది, మధ్యలో ప్రెషర్ ఎలా ఉంది అని కంప్యూటర్ పోల్చుకుంటూ ఉంటుంది. మీటర్ల తేడాలు, నూనె వేడిలో తేడాలు, పంపులు ఆన్ ఆఫ్ అవ్వడం ఇవన్నీ ఉంటాయి కాబట్టి ప్రవాహంలో ఒక శాతం కన్నా చిన్న లీక్ చాలాసార్లు ఆ హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. ఒక శాతమేగా అనిపిస్తుంది. అమెరికాలో డకోటా యాక్సెస్ అనే లైన్‌కి అనుకున్న సామర్థ్యం రోజుకి 5,70,000 బ్యారెళ్ళ దాకా, అందులో ఒక శాతం 5,700 బ్యారెళ్ళు, బ్యారెల్‌కి 159 లీటర్లు, అంటే రోజుకి 9 లక్షల లీటర్లు. అంతకన్నా చిన్నవి పట్టుబడాలంటే పైనుంచి విమానంలో చూసేవాళ్ళకో, పొలంలో నడిచే రైతుకో కనపడాలి, మంచు కిందో నీళ్ళ కిందో ఉంటే వాళ్ళకీ కనపడదు.

అలా మంచు కింద జరిగిందే మోంటానాలో గ్లెండైవ్ ఊరి కథ. 2015 జనవరిలో యెల్లోస్టోన్ నది కింద వెళ్ళే బ్రిడ్జర్ కంపెనీ లైన్ పగిలి దాదాపు 30,000 గ్యాలన్ల క్రూడ్ పోయింది, నది గడ్డకట్టి ఉంది కాబట్టి తోడటం కూడా చాలా కష్టమైంది. మిషిగన్‌తో పోలిస్తే చాలా చిన్న లీక్. ఊరి ఇన్‌టేక్ దిగువన ఉంది. మొదట నీళ్ళకేం కాలేదనే అనుకున్నారు, కుళాయి తిప్పితే డీజిల్ వాసన వస్తోందని జనం చెప్పాక టెస్ట్ చేస్తే బెంజీన్ తేలింది, హద్దు దాటి ఉంది, దాదాపు 6,000 మందికి కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పి బాటిళ్ళు పంచారు. ఇంకో విషయం, కొన్నేళ్ళ ముందు కొలిచినప్పుడు ఆ గొట్టం నది అడుగుకి 8 అడుగుల లోతులో ఉందనుకున్నారు, పగిలాక సోనార్ పెట్టి చూస్తే అడుగున మట్టి కొట్టుకుపోయి గొట్టం బయటికి తేలి ఉంది. అదే నది మీద 2011లో లారెల్ దగ్గర ఎక్సాన్‌మొబిల్ లైన్ కూడా వరదకి ఇలాగే పగిలింది. కాబట్టి "నది కింద ఇన్ని అడుగుల లోతులో వేస్తాం" అని కంపెనీ అన్నప్పుడు, ఆ లోతు వేసిన రోజుదా, ఎన్నేళ్ళకోసారి మళ్ళీ కొలుస్తారు, పెద్ద వరద తర్వాత కొలుస్తారా అని అడగండి.

బెంజీన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మీటింగ్‌ల్లో "నూనె నీళ్ళ మీద తేలుతుంది, తీసేస్తాం" అంటారు. నూనెలో ఎక్కువ భాగం తేలేదే, కానీ బెంజీన్ లాంటివి కొంత నీళ్ళలో కరిగిపోతాయి. రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. అమెరికాలో తాగునీటికి హద్దు లీటర్‌కి 5 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు 10. లెక్కేసుకుంటే ఒక్క గ్రాము బెంజీన్ 2 లక్షల లీటర్ల నీళ్ళని ఆ 5 హద్దుకి తెచ్చేస్తుంది. మామూలుగా నీళ్ళ ప్లాంట్‌లో ఉండే పటిక, ఇసుక ఫిల్టర్, క్లోరిన్ దీన్ని సరిగ్గా తీయలేవు, యాక్టివేటెడ్ కార్బన్ కావాలి లేదా నీళ్ళలోకి గాలి పంపి తరిమే ఏర్పాటు కావాలి. ఇంట్లో కాచుకు తాగితే సరిపోతుంది అనుకునేవాళ్ళుంటారు, అస్సలు చెయ్యొద్దు, అది ఆవిరై మీరు పీల్చే గాలిలోకే వస్తుంది. ఇక తారు ఇసుక నుంచి తీసిన బరువు నూనె అయితే గొట్టంలో కదలడానికి పల్చటి ద్రవం కలుపుతారు, చిందాక ఆ పల్చటిది ఎగిరిపోయి మిగిలింది నది అడుక్కి దిగుతుంది. కలమజూలో అదే జరిగింది, అందుకే అన్నేళ్ళు అడుగు మట్టి తవ్వుతూ కూర్చున్నారు.

భూగర్భ జలాలయితే ఇంకా కష్టం. నది నెమ్మదిగా అయినా కడుక్కుంటుంది, నేల కింద నీళ్ళు ఏడాదికి కొన్ని అడుగులే కదిలే చోట్లుంటాయి, ఒకసారి కలిస్తే ఒక తరం పోతుంది. అమెరికాలో మెంఫిస్ నగరం తాగేది మెంఫిస్ శాండ్ అనే భూగర్భ జలాశయం నుంచి, దానిమీద బంకమట్టి పొర కాపాడుతోంది కానీ ఆ పొరలో అక్కడక్కడా కంతలున్నాయి. దానిమీదుగా, నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే నైరుతి మెంఫిస్ గుండా, నగరానికి నీళ్ళిచ్చే బోర్ల ప్రాంతం లోంచి 49 మైళ్ళ బైహేలియా పైప్‌లైన్ వేస్తామన్నారు. కంపెనీ ప్రతినిధి ఒకరు ఒక మీటింగ్‌లో ఈ దారిని అతి తక్కువ ప్రతిఘటన ఉండే చోటు అని అన్నారు, ఆ మాట జనానికి గుచ్చుకుంది. స్థానికులు సంఘం పెట్టుకున్నారు, జలాశయం గురించి ఏళ్ళుగా పనిచేసేవాళ్ళు భూగర్భ శాస్త్రం వివరించారు, భూమి ఇవ్వం అని చెప్పిన ఓనర్లు కోర్టులో నిలబడ్డారు, సిటీ కౌన్సిల్ కదిలింది. 2021 జూలైలో కంపెనీ ప్రాజెక్ట్ వదిలేసింది. కంపెనీ చెప్పిన కారణం చమురు ఉత్పత్తి తగ్గిందని, ఉండొచ్చు, కానీ అప్పటిదాకా ఆలస్యం చేయగలిగారు కాబట్టే ఆ కారణం వచ్చేటప్పటికి గొట్టం ఇంకా నేలలో లేదు. ఇది నేను అందరికీ చెప్పేది, ఆలస్యం కూడా గెలుపే, ప్రతి నెలా కంపెనీకి ఖర్చే.

ఇంకో చిన్న సంగతి, నూనె పారకముందే నష్టం జరగొచ్చు. మిన్నెసోటాలో లైన్ 3 అనే ఆయిల్ పైప్‌లైన్ కొత్తగా వేస్తున్నప్పుడు 2021 జనవరిలో క్లియర్‌బ్రూక్ దగ్గర ప్లాన్ కన్నా లోతుగా తవ్వి జలాశయం పైపొరని చీల్చేశారు, కనీసం 2.4 కోట్ల గ్యాలన్ల భూగర్భ జలం పైకి పోయింది.

ఇప్పుడు స్టాండింగ్ రాక్, డకోటా యాక్సెస్ లైన్‌కి సూ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళు అడ్డుపడిన చోటు. ఇది తెలీనివాళ్ళు తక్కువ, కానీ దీని గురించి చెప్పుకునేది గుడారాలు, నినాదాల దగ్గరే ఆగిపోతుంది, అసలు పాఠం కాగితాల్లో ఉంది. డకోటా యాక్సెస్ 1,172 మైళ్ళ లైన్. మొదట పరిశీలించిన ఒక దారి నార్త్ డకోటా రాజధాని బిస్మార్క్‌కి ఉత్తరంగా వెళ్ళేది, ఆ నగరం తాగునీటి బావులకి దగ్గరవుతుందనేది అది వద్దనుకోడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. తర్వాత ఎంచుకున్న దారి స్టాండింగ్ రాక్ సూ ప్రజలకి కేటాయించిన భూభాగానికి (రిజర్వేషన్ అంటారు) అర మైలు ఎగువన ఓవాహీ సరస్సు కింద. ఒక ఊరి నీళ్ళకి ప్రమాదం అనుకున్నది ఇంకో జాతి నీళ్ళకి ఎందుకు కాదో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. 2016 ఏప్రిల్‌లో క్యాంప్ మొదలైంది, "మ్నీ విచోనీ" అన్నారు, నీళ్ళే ప్రాణం అని. డిసెంబర్‌లో ఆర్మీ ఇంజనీర్లు (ఇలాంటి అనుమతులిచ్చే ప్రభుత్వ విభాగం) సరస్సు కింద దాటే అనుమతి నిరాకరించారు, 2017లో ప్రభుత్వం మారాక ఫిబ్రవరిలో ఇచ్చేశారు, జూన్‌లో నూనె పారింది.

అక్కడితో అయిపోలేదు. ఆ తెగ కోర్టులో పోరాడుతూనే ఉంది, వాళ్ళ నిపుణులు రాసిచ్చిన అభ్యంతరాలు ఫైల్‌లో ఉన్నాయి. 2020 మార్చిలో ఫెడరల్ జడ్జి ఆధారం చేసుకుంది సరిగ్గా వాటినే, లీక్ డిటెక్షన్ ఎంత పట్టగలదు, ఆపరేటర్ గత రికార్డ్ ఏంటి, చలికాలంలో స్పందించగలరా, అతి పెద్ద లీక్ ఎంత ఉండొచ్చు, ఈ నాలుగిటి మీద నిపుణులు లేవనెత్తినవాటికి ఇంజనీర్లు జవాబివ్వలేదు, పూర్తి పర్యావరణ నివేదిక రాయాల్సిందే అన్నాడు. జూలైలో లైన్ ఖాళీ చేయమన్నాడు, పై కోర్టు దాన్ని ఆపింది, కానీ నివేదిక కావాల్సిందేనన్న మాట నిలబడింది, 2022లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ అప్పీల్ తీసుకోలేదు. నూనె మాత్రం పారుతూనే ఉంది. అది చూసి నాకు ఎంత బాధ ఉన్నా నిజం చెప్పాలి, గొట్టం నేలలోకి వెళ్ళాక తీయించడం దాదాపు అసాధ్యం, వాదన గెలిచినా సరే. అందుకే పోరాటం మొదలవ్వాల్సింది జెసిబి వచ్చిన రోజు కాదు, రూట్ సర్వే వాళ్ళు జెండాలు పాతిన రోజు.

దారి మార్చమని అడగడం, "మాకొద్దు" అనడం కన్నా బలమైన వాదన అని నా అనుభవం. కంపెనీ పర్మిట్ కోసం వేరే దారులు చూశామని ఎక్కడో రాయాలి కదా, ఆ పేజీలు తెప్పించుకోండి, వాటిని ఎందుకు వద్దన్నారో చదవండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పక్క దారిని ఎవరి నీళ్ళు కాపాడటానికి వదిలేశారో అదే కొలబద్ద మీకూ పెట్టమని అడగండి. హియరింగ్‌లో కోపంగా మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా, కానీ రికార్డ్‌లో నిలిచేది రాసిచ్చిన ప్రశ్న. పగిలిన నూనె మా ఇన్‌టేక్ చేరడానికి వరద రోజు ఎన్ని గంటలు, మీరు వాల్వ్ మూసి మాకు ఫోన్ చేయడానికి ఎన్ని గంటలు, ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసివ్వమనండి. నది రెండు గట్ల మీదా వాల్వ్‌లు ఉన్నాయా, దూరం నుంచి మూసేవా లేక మనిషి కారేసుకుని వెళ్ళాలా. రెండు వాల్వ్‌ల మధ్య ఎన్ని లీటర్లు ఉంటుంది. వేరే నీళ్ళు ఇవ్వాల్సొస్తే ఎవరు ఎన్నాళ్ళు ఇస్తారు, ఆ డబ్బు బాండ్ రూపంలో ముందే కడతారా. నేను కూర్చున్న ఒక మీటింగ్‌లో ఈ గంటల ప్రశ్నే అడిగితే కంపెనీ ఆయన "అన్ని నిబంధనలూ పాటిస్తాం" అన్నాడు, మూడుసార్లు అడిగాం, మూడుసార్లూ అదే అన్నాడు, ఆ మూడుసార్లూ రికార్డ్ అయ్యాయి, తర్వాత అనుమతి ఇచ్చే అధికారులు అదే ప్రశ్న రాతపూర్వకంగా పంపారు.

నీళ్ళ శాఖ ఇంజనీర్లని మీవైపు తెచ్చుకోండి, వాళ్ళు చెప్తే ఎవరూ భయం అనలేరు. మున్సిపాలిటీ తీర్మానాలు చిన్నవిగా తీసుకోవద్దు, కెనడాలో ఎనర్జీ ఈస్ట్ లైన్‌ని మాంట్రియల్ చుట్టుపక్కల 82 మున్సిపాలిటీలు కలిసి 2016లో వ్యతిరేకించాయి, 2017లో ప్రాజెక్ట్ రద్దయింది. కానీ చట్టం హద్దులు తెలుసుకుని చేయండి. అమెరికాలో గొట్టం మందం, ప్రెషర్ లాంటి భద్రత రూల్స్ ఫెడరల్ వాళ్ళవే, ఊరు వాటి జోలికెళ్తే కోర్టులో ఓడిపోతుంది, భూమిని దేనికి వాడాలి అనేది మాత్రం ఊరి చేతిలో చాలావరకు ఉంటుంది. మెయిన్ రాష్ట్రంలో సౌత్ పోర్ట్‌లాండ్ 2014లో అలాగే చేసింది, గొట్టాన్ని ముట్టుకోకుండా రేవులో ఓడల్లోకి క్రూడ్ నింపడాన్ని నిషేధించింది, కంపెనీ ఏళ్ళ తరబడి కేసు నడిపి 2021లో వదులుకుంది. భూమి ఓనర్లకి ఒక్క మాట, మొదటి రోజు వచ్చిన ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు, పక్కవాళ్ళంతా పెట్టేశారని చెప్తే పక్కవాళ్ళనే వెళ్ళి అడగండి.

ఉద్యోగాలొస్తాయి కదా అని ఊళ్ళోనే కొందరు అంటారు, వాళ్ళని శత్రువుల్లా చూడొద్దు. కట్టేటప్పుడు పని ఉంటుంది, నిజమే, అయిపోయాక లైన్ నడపడానికి చాలా కొద్దిమంది చాలు. ఆ అంకె కూడా కంపెనీ కాగితాల్లోనే ఉంటుంది, చూపించండి.

చివరిగా, ఇది మాత్రం పోరాటం ఎటు పోయినా ఈ వారమే చేయండి. మీ బావి నీళ్ళు, ఇన్‌టేక్ నీళ్ళు ఇప్పుడే, గొట్టం రాకముందే, సర్టిఫైడ్ ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి. బెంజీన్, టొలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అని పేరుపెట్టి అడగండి, మామూలు నీటి పరీక్షలో ఇవి ఉండవు. ల్యాబ్ వాళ్ళిచ్చే చిన్న గాజు సీసాల్లోనే పట్టాలి, అంచుదాకా నింపి మూతపెట్టి తలకిందులు చేస్తే ఒక్క గాలి బుడగ కూడా కనపడకూడదు, ఐస్‌లో పెట్టి పంపాలి, ఎవరు పట్టారు ఎవరికిచ్చారు అనేది తేదీ, టైమ్, సంతకంతో రాసుండాలి. లేకపోతే రేపు ఏదైనా తేలినప్పుడు ఇది ముందునుంచీ ఉన్నదే అంటారు, కాదని చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. వర్షాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయిస్తే ఇంకా మంచిది. రిపోర్ట్ కాపీలు ఒక్కరి ఇంట్లోనే పెట్టొద్దు.